మూడో నీళ్ళూ, గోడలో చుక్కలూ

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు ఉండేది కన్నా. ఇల్లు ఒక్కటే. గుమ్మాలు రెండు.

మధ్యలో గోడ. గోడకి ఇటు అన్న, అటు తమ్ముడు. అన్న పేరు సింహాద్రి. బస్సు నడిపేవాడు. వాళ్ళావిడ పైడమ్మ. తమ్ముడు లారీ మీద వెళితే ఎప్పుడొస్తాడో వాడికే తెలిసేది కాదు. వాళ్ళావిడ నూకరత్నం.

ఆ తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఎందుకు లేవంటే చెబుతాను. ఇల్లు పంచుకున్నప్పుడు దేవుడి గది తమ్ముడి వైపు పడింది. అన్న వైపు స్నానాలగది లేదు. అప్పుడు పైడమ్మ సరిగ్గా ఆ దేవుడి గది గోడని ఆనుకుని స్నానాలగది కట్టించింది.

"దేవుడి గూడు వెనకాలా స్నానాలగది? పక్కకి జరపక్కా" అంది నూకరత్నం.

"పక్కకి జరిపితే నీళ్ళు కాలవకి పోవు. వాటం ఉండదు" అంది పైడమ్మ.

"నీ కాలవకి వాటం ఉంటే చాలు, దేవుడు ఏమైపోయినా ఫరవాలేదా?"

"దేవుడు నీ వైపున్నాడుగా. నువ్వే చూసుకో."

అంతే. ఆ తర్వాత నూకరత్నం దేవుళ్ళందర్నీ ముందు గదిలోకి తెచ్చుకుంది. ఖాళీ అయిన ఆ దేవుడి గదిలో కట్టెలు పడేసి తలుపు వేసేసింది. మాటలు కూడా ఆ కట్టెలతో పాటే లోపల పడిపోయాయి.

ఊఁ కొడుతున్నావా? కొట్టు. కొట్టకపోతే కథ దారి తప్పుతుంది.

పైడమ్మకి ఒక కూతురు. పేరు కనక. నీ అంతే ఉండేది. నీకంటే కాస్త సన్నం.

ఒక ఎండాకాలం కనకకి ఒళ్ళు వేడెక్కింది. మర్నాడు మెడ మీద ఒక పొక్కు. ఆ తర్వాత వీపు మీద. ఆ తర్వాత చూడ్డానికి ఖాళీ లేదు. అమ్మవారు పోసింది.

పైడమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. అవి కట్టిన ఇంటికి ఎవరూ రారు. ఆ ఇంట్లోవాళ్ళు ఎవరింటికీ వెళ్ళరు. సింహాద్రి బస్సు దిగి వచ్చి, అరుగు మీదే కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. నూకరత్నం వెంటనే కొడుకుని వాళ్ళమ్మగారింటికి పంపేసింది.

"చూశావా, ఎలా ఉందీ పిల్ల అని గోడ మీంచైనా అడగలేదు" అంది పైడమ్మ.

"అడిగితే మాత్రం నువ్వు చెప్పేదానివా?" అన్నాడు సింహాద్రి.

పైడమ్మ చెప్పేది కాదు. అది నిజమే.

ఇంకో సంగతి ఉంది. ఒంటి మీద అమ్మవారు ఉన్నన్నాళ్ళూ పిల్లని తిట్టకూడదు. కొట్టకూడదు. బలవంతం చెయ్యకూడదు. పిల్లని అంటే అమ్మవారిని అన్నట్టే. "తల్లీ" అనే పిలవాలి. "తల్లీ, అన్నం తిను తల్లీ. తల్లీ, గోక్కోకు తల్లీ" అనాలి. కనకకి మొదట్లో నవ్వొచ్చింది. ఆ తర్వాత అలవాటైపోయింది. కూర్చున్న చోటు నించి బెల్లం ముక్క అడిగేది. వచ్చేసేది.

అమ్మవారు తగ్గే దారి ఏమిటంటే, నీళ్ళు పొయ్యడం. మొదటి నీళ్ళు, రెండో నీళ్ళు, మూడో నీళ్ళు. గంగాళంలో వేపాకు, పసుపు వేసి ఎండలో పెడతారు. ఎండే ఆ నీళ్ళని కాస్తుంది. పొద్దు తిరగకముందే పొయ్యాలి. మొదటివి ఎక్కడ పోస్తే మూడోవీ అక్కడే పొయ్యాలి. మూడో నీళ్ళు పడితే అమ్మవారు దిగి వెళ్ళిపోతుంది. అవి పడేదాకా ఇంట్లో ఉన్నట్టే. అలా అనేవారు మా పెద్దవాళ్ళు.

పైడమ్మ మొదటి నీళ్ళు పోసింది. పిల్ల కూర్చుంది, పోయించుకుంది.

రెండో నీళ్ళూ పోసింది. పోయించుకుంది.

అప్పుడు, అంతా అయిపోతుందనుకుంటుండగా, కనకకి మళ్ళీ జ్వరం తిరగబెట్టింది. ఒళ్ళు పెనంలా కాలింది. ఏదేదో అంది. అమ్మనే "నువ్వెవరు?" అంది.

పొద్దున్నకి కాస్త తగ్గింది. పిల్ల నిద్రపోయింది. పైడమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గోడకి నుదురు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్లకి వినబడకూడదని. ఆ తర్వాత మొహం కడుక్కుని బయటికొచ్చి అంట్లు తోముకుంది.

కొన్నాళ్ళకి జ్వరం పోయింది. పొక్కులు ఎండాయి. పక్కులు కట్టాయి. మూడో నీళ్ళ రోజు వచ్చింది.

పైడమ్మ గంగాళం ఎండలో పెట్టింది. నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. పిల్లని ఎత్తుకుని స్నానాలగది గడప దాకా వెళ్ళింది. అక్కడ కనక అమ్మ మెడ గట్టిగా పట్టేసుకుంది.

"నేను రాను."

"ఎందుకు తల్లీ?"

"గోడ ఏడుస్తోంది."

పైడమ్మ ఆగింది. ఇన్నాళ్ళూ పిల్ల ధ్యాసలో అలాంటిదేదీ ఆవిడ చెవిన పడలేదు. చెవి పెట్టింది.

టప్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టప్.

నిజంగానే గోడలోంచి వస్తోంది. కొళాయి దగ్గర కాదు. కింద కాలవ దగ్గర కాదు. గోడ మధ్యలోంచి, పైడమ్మ నుదురు ఆనించి ఏడ్చిన చోటుకి సరిగ్గా వెనకాల నించి.

పైడమ్మ వెనక్కి తిరిగింది. పిల్లని తీసుకొచ్చి మళ్ళీ మంచం మీద వేపాకుల్లో పడుకోబెట్టింది.

సాయంత్రం సింహాద్రి వచ్చాడు.

"గోడలో చుక్కలు పడుతున్నాయి" అంది పైడమ్మ.

ఆయన వెళ్ళి గోడకి చెవి పెట్టాడు. ఒక చెవి పెట్టాడు, తీసి రెండో చెవి పెట్టాడు. "ఏమీ లేదే" అన్నాడు.

బస్సు ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. కానీ ఈసారి పైడమ్మ కూడా చెవి పెట్టింది. ఏమీ లేదు. నిజంగానే లేదు.

"నేను విన్నాను" అంది పైడమ్మ.

"విన్నావులే. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళైంది?"

"నిద్రపోకపోతే గోడలో నీళ్ళు పడతాయా?"

ఆయన భోజనానికి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ టప్, టప్. మధ్యాహ్నం దాటాక దానంతట అదే ఆగిపోయింది. మూడో రోజూ అంతే. పొద్దున్నే మొదలు. మధ్యాహ్నం దాటితే బంద్. పొద్దున్న కనక రానంటుంది. మధ్యాహ్నం దాటాక నీళ్ళు పొయ్యకూడదు.

మూడో నీళ్ళు పడాలి. పడే దారి లేదు.

అప్పుడు సింహాద్రి కొళాయి పని పట్టాడు. కొళాయి విప్పి లోపలి వాషరు మార్చాడు. గుడ్డ పేలిక కూడా చుట్టాడు. కొళాయి నోట్లోంచి ఒక్క బొట్టు రాకుండా చేశాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

టప్.

"పడుతోంది" అంది పైడమ్మ.

"నాకు వినబడ్డం లేదు."

"వినబడే చెవులు పెట్టుకుని మాట్లాడు."

ఆ తర్వాత పైడమ్మ గోడంతా చేత్తో తడిమి చూసింది. పైన తడిమింది, మధ్యలో తడిమింది, కింద తడిమింది. గోడ పొడిగా ఉంది. ఎండలో పెట్టిన అప్పడంలా ఉంది. లోపల నీళ్ళు పడుతుంటే పైన చెమ్మ లేకపోవడం ఏమిటి? అరచెయ్యి చూసుకుంది. సున్నం తప్ప ఏమీ అంటలేదు.

చెమ్మ ఉంటే బావుండుననిపించింది ఆవిడకి. చెమ్మ ఉంటే అది నీళ్ళే అని తెలుస్తుంది. చెమ్మ లేకపోతే అది ఏమిటి? పొద్దున్నే ఏడ్చి మధ్యాహ్నానికి ఊరుకునేది ఏది?

ఆ మాట ఎవరితోనూ అనలేదు. చెబితే, నిద్రలేకే అలా అంటోందంటారు.

అప్పుడు సింహాద్రి ఇంకో ఆలోచన చేశాడు. "మేడ మీది ట్యాంకు నించి వచ్చే గొట్టంలో ఎక్కడో చిల్లు పడి ఉంటుంది" అన్నాడు. "ట్యాంకు ఖాళీ చేసేస్తే తేలిపోతుంది."

మేడ ఎక్కాడు. ట్యాంకు అడుగున బిరడా లాగేశాడు. నీళ్ళన్నీ వీధిలోకి పోయాయి. వీధి కుక్కలు సంతోషించాయి. కింద కొళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడు ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ఇంక దేంట్లోంచి పడతాయి?" అన్నాడు గర్వంగా.

పైడమ్మ లోపలికి వెళ్ళింది. వచ్చింది.

"పడుతోంది" అంది.

అప్పుడు మొదటిసారి సింహాద్రి కూడా భార్యని కాస్త తేడాగా చూశాడు. ఆవిడ ఆ చూపు చూసింది. అంట్లగిన్నెల దగ్గర కూర్చుని, తోమిన చెంబే మళ్ళీ తోమింది.

మర్నాడు ఏమైందో తెలుసా? వీధి కొళాయి రాలేదు. ఎక్కడో గొట్టం పగిలిందట, ఊరంతటికీ నీళ్ళు లేవు. పైడమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి నిలబడింది. ఎంతసేపు నిలబడినా చప్పుడు లేదు.

కనకని తీసుకొచ్చింది. కనక గడప మీద నిలబడి విని, "ఇవాళ ఏడవడం లేదు" అంది. లోపల కాలు పెట్టింది. పీట మీద కూర్చుంది. "పొయ్యి" అంది.

పొయ్యడానికి నీళ్ళేవి?

కొళాయి రాలేదు. ట్యాంకు నిన్ననే కుక్కలకి పోశారు. పైడమ్మ బిందె చంకన పెట్టుకుని వీధి చివర బోరింగుకి పరుగెత్తింది. అక్కడ ఊరంతా ఉంది. వేపమండ కట్టిన ఇంటావిడ కదా, దూరంగా నిలబడింది. అందరూ అయ్యాక కొట్టుకుంది. మోసుకొచ్చి ఎండలో పెట్టి అవి వెచ్చబడేసరికి పొద్దు తిరిగిపోయింది.

కనక పీట మీదే నిద్రపోయింది.

ఆవిడ పిల్లని భుజాన వేసుకుని ఆలోచించింది. కొళాయి వస్తే చప్పుడుంది. కొళాయి రాకపోతే లేదు. అంటే అది కొళాయి నీళ్ళే. కానీ తమ ఇంట్లో నీళ్ళు లేకపోయినా పడ్డాయి. అంటే కొళాయి నీళ్ళు కావు. పడితే గోడ తడవాలి. తడవలేదు. ఎటు పట్టుకున్నా చేతిలోంచి జారిపోయింది ఆ ఆలోచన.

ఆ తర్వాత ప్లంబర్ని పిలిచారు. వాడి పేరు గురుమూర్తి. సైకిలు దిగి వచ్చాడు, గుమ్మం చూశాడు, వేపమండలు చూశాడు. గేటు అవతలే ఆగిపోయాడు.

"అమ్మా, నాకు ఇద్దరు చిన్నపిల్లలు" అన్నాడు.

"లోపలికి రానక్కర్లేదు నాయనా. అక్కణ్ణించే చెప్పు."

గేటు అవతల నించి అడిగాడు, గేటు ఇవతల నించి ఆవిడ చెప్పింది. అంతా విని తల గోక్కున్నాడు.

"నీళ్ళు ఆపినా ఆగదా? గోడ తడవదా? మధ్యాహ్నం సెలవు తీసుకుంటుందా? అమ్మా, ఇలాంటి గొట్టం నేనెక్కడా చూడలేదు. గోడ పగలగొట్టి చూడ్డమే."

"అమ్మవారున్న ఇంట్లో సుత్తి చప్పుడు కూడదు కదా."

"అదీ నిజమే. అయితే మూడో నీళ్ళు పోసేసి అప్పుడు పిలవండి."

"ఆ చప్పుడు ఆగితేనే పిల్ల నీళ్ళు పోయించుకుంటుంది."

"అయితే గోడ పగలగొట్టాలి."

"మూడో నీళ్ళు పడకుండా ఎలా పగలగొడతాం?"

గురుమూర్తి సైకిలెక్కాడు. "నాకే కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అని వెళ్ళిపోయాడు.

అలా రోజులు గడిచాయి. కనక చిక్కిపోయింది. పక్కులు దురద పెడితే గోక్కునేది. గోక్కుంటే రక్తం వచ్చేది. తల అట్టలు కట్టింది, దువ్వడానికి లేదు. బయటికి పంపడానికి లేదు. ఎత్తుకెళ్ళి బలవంతంగా పోసేద్దామంటే, ఒంటి మీద అమ్మవారు. పైడమ్మ రోజూ గంగాళం ఎండలో పెట్టేది. రోజూ సాయంత్రం ఆ నీళ్ళు మొక్కలకి పోసేది.

నిద్రొస్తోందా? ఇంకాస్తే ఉంది. కళ్ళు మూసుకునే విను.

ఒక రోజు పొద్దున్న పైడమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అప్పుడు కనక ఒక్కతే మంచం దిగి స్నానాలగది గడప దాకా వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. గడప మీద కూర్చుని గోడని అడిగింది.

"ఎందుకేడుస్తున్నావు? నీకూ దురదా?"

చుక్కల మధ్యలోంచి గోడ మాట్లాడింది.

"ఏడవడం లేదు తల్లీ" అంది.

కనక పెరట్లోకి పరుగెత్తింది. "అమ్మా, గోడ నన్ను తల్లీ అంది."

పైడమ్మ చేతిలో చీర మట్టిలో పడింది. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. మెడ కింద పెట్టింది. పొట్ట మీద పెట్టింది. ఎక్కడా వేడి లేదు. జ్వరం లేకుండా సంధి మాటలు వస్తాయా? కళ్ళలోకి చూసింది. పిల్ల కళ్ళు తేటగా ఉన్నాయి.

"నేనెవరు?" అంది పైడమ్మ.

"అమ్మవి" అంది కనక, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడు పైడమ్మ లేచింది. స్నానాలగదిలోకి వెళ్ళి గోడకి ఎదురుగా నిలబడింది.

"ఎవరు?" అంది.

టప్.

"ఎవరది?"

టప్.

"ఎవరైనా సరే, నా పిల్ల జోలికి రావద్దు."

ఏమీ లేదు. ఆ చుక్కలు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

వెనకనించి కనక అంది, "నువ్వడిగితే చెప్పదు. నేనడుగుతా. గోడా, ఉన్నావా?"

"ఉన్నాను తల్లీ" అంది గోడ.

పైడమ్మ తలుపు పట్టుకుంది. పిల్లతో మాట్లాడుతుంది, తనతో మాట్లాడదు. ఏ దెయ్యం అలా చేస్తుంది? ఏ దేవత అలా చేస్తుంది?

అప్పుడు గోడ తుమ్మింది.

ఒకటి కాదు. గట్టిగా, వరసగా, మూడు తుమ్ములు.

ఇంట్లో ఎవరు తుమ్మినా పైడమ్మ నోరు ఊరుకోదు. పెద్దదానిగా పుట్టి, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఎత్తుకుని పెరిగింది. ఆ అలవాటు.

"చిరంజీవ" అనేసింది.

అన్నాక ఆగింది. ఆ తుమ్ములు తనకి తెలుసు. తుమ్మితే మూడు తుమ్మేది ఆ వీధిలో ఒక్కతే ఉంది.

"రత్నం?" అంది.

గోడ ముక్కు చీదుకుంది. ఆ తర్వాత, "నేనేనక్కా" అంది.

పైడమ్మ పీట మీద కూలబడింది.

"ఏం చేస్తున్నావు అక్కడ?"

"ధార పోస్తున్నాను. శివుడి మీద."

ధార అంటే ఏమిటో చెబుతా. రాగి పాత్రకి అడుగున చిన్న చిల్లు ఉంటుంది. దాన్ని శివలింగం పైన కడతారు. నీళ్ళు పోస్తే ఒక్కొక్క చుక్కే ఆయన నెత్తిన పడుతుంది. దాన్ని ధారాపాత్ర అంటారు. నూకరత్నం కట్టెలు పక్కకి నెట్టి, పాత గూట్లో శివుణ్ణి మళ్ళీ పెట్టింది. పొద్దున్నే కొళాయి రాగానే పట్టిన కొత్త నీళ్ళు తప్ప పొయ్యదు. మధ్యాహ్నానికి పాత్ర ఖాళీ అవుతుంది. చుక్కలు కింద పళ్ళెంలో పడతాయి. ఆ గూడు దగ్గర గోడ పల్చన. చుక్క పళ్ళెంలో పడితే, చప్పుడు ఇటు పడుతుంది.

"ఎప్పణ్ణించి?" అంది పైడమ్మ.

"నువ్వు ఆ గదిలో ఏడ్చిన పొద్దుట నించి."

పైడమ్మ తలెత్తి, ఆనాడు నుదురు ఆనించిన చోటు చూసింది.

"కట్టెల కోసం వచ్చాను. వినబడింది" అంది నూకరత్నం. "వద్దామంటే వేపమండ కట్టిన గుమ్మం. కట్టకపోయినా నాకు వచ్చే మొహం లేదు. అయ్యవారిని చల్లబరిస్తే అమ్మవారు తనే చల్లబడుతుందనుకున్నాను."

"అలాగని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది."

"ఇందాక నేనడిగితే పలకలేదేం?"

"నీకూ నాకూ మాటల్లేవు కదా. పిల్ల అడిగితే అమ్మవారు అడిగినట్టు. చెప్పకుండా ఎలా ఉంటాను?"

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. పిల్ల చల్లబడింది. ఇంక ఆపెయ్యి. నీ చప్పుడుకి అది గదిలోకి రావడం లేదు. మూడో నీళ్ళు ఆగిపోయాయి."

అవతల ఏదో పడ్డ చప్పుడైంది. నూకరత్నం కట్టెల మీద కూర్చుని ఉంటుంది.

"నా వల్లా?" అంది. "పిల్లకి ఇంకా బాగోలేదేమో, అందుకే మూడో నీళ్ళు పొయ్యడం లేదేమో అనుకున్నానక్కా. అందుకే రోజూ పోస్తున్నాను."

"నువ్వు పోస్తున్నావని అది పోయించుకోవడం లేదు."

"ఆపడానికి లేదక్కా. మొక్కుకున్నాను. మూడో నీళ్ళ చప్పుడు నా చెవిన పడ్డాకే ధార దించుతానని."

"ధార ఆగితేగాని అది నీళ్ళు పోయించుకోదు."

"అది నీళ్ళు పోయించుకుంటేగాని ధార ఆగదు."

టప్, టప్.

"మొక్కు కాస్త సర్దుకోకూడదూ?" అంది పైడమ్మ.

"దేవుడితో అన్న మాట. నీతో అన్నదైతే సర్దుకునేదాన్ని."

"నీ నోరు మాత్రం చల్లబడలేదు."

"దేవుడి గూడు వెనక స్నానాలగది కట్టొద్దని ఆనాడే చెప్పాను."

"వాటం ఉండదని నేనూ ఆనాడే చెప్పాను."

అప్పుడు కనక గడప దాటి లోపలికి వచ్చింది. ఇద్దరూ దెబ్బలాడుకుంటూ ఉంటే తను వచ్చిన సంగతి వాళ్ళమ్మ చూడనే లేదు. వచ్చి గోడ మీద చెయ్యి పెట్టింది.

"పిన్నీ, శివుడికి కూడా అమ్మవారు పోసిందా?"

మళ్ళీ తనే అడిగింది.

"ఆయనకి ఇవి ఎన్నో నీళ్ళు?"

నూకరత్నం ఆలోచించింది. అమ్మవారు అడుగుతోంది. అబద్ధం చెప్పకూడదు. నిజం తనకి తెలీదు.

"లెక్క పెట్టలేదు తల్లీ" అంది. "రెండు ఎప్పుడో అయిపోయి ఉంటాయి."

"అయితే మూడోవే" అంది కనక. "ఆయన ఏడుస్తున్నాడేమో అనుకున్నా. స్నానమే కదా. నాకూ మూడోవే. ఆయనకి ముందు పొయ్యి, ఆ తర్వాత నేను పోయించుకుంటా."

"నీకు ముందు తల్లీ. నీ నీళ్ళ చప్పుడు వినాలి నేను."

"ఆయనకి ముందు."

"నీకు ముందు తల్లీ."

"అయితే ఇద్దరికీ ఒకేసారి" అంది కనక. పీట లాక్కుని కూర్చుంది.

పైడమ్మ పిల్లని చూసింది. గోడని చూసింది. పెరట్లోకి వెళ్ళి గంగాళం చెవులు పట్టుకుని మోసుకొచ్చింది. నీళ్ళు ఎండకి వెచ్చగా ఉన్నాయి. పైన వేపాకులు తేలుతున్నాయి. చెంబు నిండా ముంచింది.

"రత్నం, నీ పాత్రలో ఎన్ని నీళ్ళున్నాయి?"

"సగం పైనే."

"గొలుసు నించి దింపి చేత్తో పట్టుకో. నేను అన్నప్పుడు మొత్తం ఆయన మీద వంచెయ్యి. ధార ఆపినట్టు కాదు. పెద్ద ధార చేసినట్టు."

అవతల గొలుసు గలగలలాడింది. "పట్టుకున్నానక్కా."

"ఊఁ" అంది పైడమ్మ.

ఇటు చెంబు వంగింది. అటు పాత్ర వంగింది. గోడకి రెండు వైపులా నీళ్ళు ఒక్కసారే పడ్డాయి. ఏ చప్పుడు ఎటుదో తెలియలేదు. పసుపు నీళ్ళు కనక తల మీంచి, వీపు మీంచి, కాళ్ళ మీంచి జారి కాలవ దారి పట్టాయి. పక్కులు మెత్తబడి రాలాయి. పిల్ల కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని కూర్చుంది.

పైడమ్మ ఇంకో చెంబు పోసింది. ఇంకోటి పోసింది. గంగాళం అడుగు కనబడేదాకా పోసింది.

"అక్కా" అంది గోడ. "వినబడింది."

"ఊఁ."

"తల తుడిచావా?"

"తుడుస్తున్నా."

ఆ తర్వాత చుక్క పడలేదు.

పైడమ్మ గుమ్మానికున్న వేపమండలు విప్పింది. ఇల్లు కడిగింది. పెరుగన్నం, చలిమిడి పట్టుకెళ్ళి అమ్మవారిని గుళ్ళో సాగనంపి వచ్చింది. కనక తల్లో నూనె పెట్టి, చిక్కులు తీసింది. చిక్కు లాగినప్పుడు కనక "అబ్బా" అంది. ఇన్నాళ్ళకి పైడమ్మ "కదలకు" అని కసిరింది. కసిరి, పిల్ల మాడు మీద ముద్దు పెట్టుకుంది.

అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాలింపు పెట్టరు. ఆ రోజు పైడమ్మ పప్పు వండింది. మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె పోసింది. ఆవాలు వేసింది. ఎండుమిరపకాయ తుంచి వేసింది.

అవి చిటపటమనే లోపల ఎందుకో స్నానాలగదిలోకి వెళ్ళింది. గోడకి చెవి ఆనించింది. చప్పుడు లేదు. ఇన్నాళ్ళూ అది ఆగితే చాలనుకుంది. ఇప్పుడు ఆగింది. ఆగిందో లేదో ఇంకా తెలియనట్టు, చెవి తియ్యకుండా అలాగే నిలబడింది. లోపల నూనె సంగతి మర్చిపోయింది.

చాలాసేపటికి గోడ దగ్గింది.

"అక్కా, తాలింపు మాడుతోంది."

"మాడనీ" అంది పైడమ్మ.

కథేమో కంచికి,
నీళ్ళేమో కాలవకి,
వేపమండ వీధికి,
నువ్వూ నేనూ నిద్దరికి.